తెరమీది గ్రంథాలయము - మన యింటి తెలుగు

గ్రంథాలయము లేని యూర రచయిత పుట్టుట కష్టమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట పూర్తిగా నిజమైనచో చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు రచన యెన్నడో అడుగంటి యుండవలెను. ఈ తాలూకాలలో తెలుగు నోట వినబడినంతగా పుటమీద కనబడదు. బిడ్డలు కన్నడ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుకొందురు. ఇంట తల్లితో తెలుగున మాటలాడుదురు. ఆ తల్లి చెప్పిన కథను వ్రాయబోయినచో తెలుగు అక్షరము చేత నుండదు. అక్షరము వచ్చిన వారికిని నిన్నమొన్నటి వరకు పుస్తకము దొరకుట దుర్లభముగానే యుండెను. మంచి తెలుగు గ్రంథము కావలెనన్నచో హిందూపురమునకో, మదనపల్లెకో, బెంగుళూరునకో పోవలసి వచ్చెడిది.

అంతర్జాలము వచ్చిన పిమ్మట ఆ కొరత చాలవరకు తీరినది. నేడు చేతిలోని ఫోనున వేలకొలది తెలుగు గ్రంథములను తెరచి చదువవచ్చును. కాని లేమి పోయి కలిమి వచ్చినప్పుడు క్రొత్త ప్రశ్నలు పుట్టును. ఏది చదువవలెను? ఎట్లు చదువవలెను? చదివినదానిని ఎంతవరకు నమ్మవలెను? ఈ వ్యాసమున ఆ గ్రంథరాశిని వ్రాయ నుత్సాహము గలవాని దృష్టితో, అందును మన ప్రాంతపు రచయిత దృష్టితో, పరిశీలింప దలచితిని. నా అభిప్రాయమును ముందుగనే మనవి చేయుచున్నాను. ఈ గ్రంథరాశి మనకు గొప్ప వరము. అయితే అందులో మనము దాదాపుగా లేము. తాను లేని గ్రంథాలయమున చదువుకొను రచయిత తన యింటి మాటను ప్రక్కన నుంచుకొని చదువనిచో, కొంతకాలమునకు పరాయి గొంతుతో పలుక నేర్చును.

మొదట ఉన్నదానిని లెక్కింతము. ఈ శతాబ్దారంభమున భారత డిజిటల్ గ్రంథాలయమను ప్రయత్నము మొదలైనప్పుడు దానికి ముఖ్యకేంద్రముగా నిలిచినది బెంగుళూరిలోని భారతీయ విజ్ఞాన సంస్థ. మన ముంగిట జరిగిన పని యది. పాత గ్రంథాలయములలో దుమ్ము పట్టియున్న పుస్తకములను పుట పుటకును ఛాయాచిత్రము దీసి భద్రపరచిరి. ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు తరువాత మూతబడినను, అందలి పుస్తకములు చాలవరకు అమెరికాలో 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవు వద్ద చేరి ఉచితముగా చదువుటకు దొరకుచున్నవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ మాసపత్రిక 1991లో నిలిచిపోయెను; దాని పాత సంచికలను కూడ నేడు తెరమీద చదువవచ్చును. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున నెలకొల్పిన కథానిలయము తన సేకరణలోని కథలను అంతర్జాలమున కెక్కించినది. ‘ఈమాట’ పత్రికను అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిరి. అనేక నిఘంటువులను ఒక్కచోట వెదకుటకు ‘ఆంధ్రభారతి’ కలదు. స్వచ్ఛందముగా అచ్చుతప్పులు దిద్ది పాత గ్రంథములను తిరిగి యెక్కించువారి శ్రమఫలముగా తెలుగు వికీసోర్స్ పెరుగుచున్నది.

ఇవన్నియు ఒకే రీతిని ఉపయోగపడునవి కావు. ‘భారతి’ సంచికలలో రచయిత నేర్చుకొనదగినది వాదించు పద్ధతి. ఒక పండితుడు ఒక పద్యపాఠమును గూర్చి వ్రాయును. రెండుమూడు సంచికల తరువాత మరియొకరు దానిని ఖండింతురు. మొదటివారు మరల సమాధానము చెప్పుదురు. పుస్తకముగా కూర్చిన వ్యాసములలో ఈ రాకపోకలు కనబడవు. పత్రికలో తెల్లముగా కనబడును. కథానిలయమున మేలైన పఠనము ఒకే రచయిత తొలినాటి కథలను, కడపటి కథలను ప్రక్కప్రక్కన చదువుట. ప్రసిద్ధి కెక్కిన కథకుడు తన తొలి కథలలో ఎచ్చట తడబడెనో తెలిసికొన్న యువకునకు ధైర్యము కలుగును. ‘ఈమాట’ మన కింకొక విధముగా దగ్గరిది. మాతృదేశమునకు దూరముగా నుండి తెలుగు వ్రాయుట యెట్లో దాని పుటలు చూపును. అయితే వారికిని మనకును ఒక భేదము కలదు. వారు దేశము విడిచి పోయినవారు. వారి రచనలో తిరిగి చూచుకొను చూపు సహజము. మనము ఎచ్చటికిని పోలేదు. పాలనకై గీసిన గీత మన పొలముల మీదుగా నడచినది. వారి బెంగను అరువు తెచ్చుకొని వ్రాసినచో మన రచన నిజము కాజాలదు.

ఇక దోషములు. ఈ గ్రంథరాశికి తాళపుచెవి దాని పట్టిక. ఆ పట్టికయే బలహీనముగా నున్నది. డిజిటల్ గ్రంథాలయపు తెలుగు పుస్తకముల పేర్లను చాలవరకు ఇంగ్లీషు అక్షరములలో, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాసిరి. దీర్ఘమునకు ఒకచోట ఒక అక్షరము, వేరొకచోట రెండు. ‘శ’కారమునకు మూడు నాలుగు తీరులు. తెలుగు లిపిలో వెదకిన వానికి లేదనిపించు పుస్తకము ఇంగ్లీషు అక్షరములలో తప్పుగా వెదకినచో దొరకును! కొన్నింట పుటలు లోపించినవి. కొన్నింట రచయిత పేరున్న చోట ప్రకాశకుని పేరున్నది. యంత్రము తనంతట చదివి యిచ్చిన పాఠములో వత్తులును గుడులును మారిపోవుట సామాన్యము. కావున ఏ వాక్యమునైనను ఉదాహరింపదలచినవాడు యంత్రపాఠమును నమ్మక, ఛాయాచిత్రములోని పుటను కంట చూచి వ్రాసికొనవలెను. అమెరికాలో 1971లో మొదలైన గూటెన్‌బర్గ్ ప్రయత్నమున నేటికిని మనుష్యులే కూర్చుండి పుటలు దిద్దుచున్నారు. ఈ పనిలో యంత్రము కూలివాడే గాని పండితుడు కాడు.

ఇంతకంటె సూక్ష్మమైన దోషము వేమన విషయమున కనబడును. వేమన కదిరి ప్రాంతముతో ముడిపడిన కవి; మనకు పొరుగువాడు. ఆయన పేర ఫోనులలో తిరుగు పద్యములకు లెక్కలేదు. మకుటము తగిలించినంతనే పద్యము వేమనది కాదు. సి.పి. బ్రౌను వ్రాతప్రతులను కూర్చి 1829లో 693 పద్యములను అచ్చు వేయించెను. 1839 నాటి ముద్రణలో అవి 1164 అయినవి. పదేండ్లలో ఒకే సంపాదకుని చేతిలో ఇంత భేదము వచ్చినది. అట్టిచో ఎవరో పంపిన పద్యమును చదివినప్పుడు, ఇది ఏ ముద్రణలో నున్నది, ఎవరి సేకరణ అని అడుగుట విద్యార్థి ధర్మము. పూర్వము ఆ ప్రశ్న నడిగినవాడు మద్రాసు పోవలసి యుండెను. ఇప్పుడు బ్రౌను ముద్రణమును ఇంటనే తెరచి చూచుకొనవచ్చును. వెదకు సౌకర్యము పెరిగినకొలది అడుగు బాధ్యతయు పెరిగినది.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. నిఘంటువులలో మన మాట యున్నదా? శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వచ్చినది. ఇవి ముఖ్యముగా కావ్యముల నాధారముగా గొన్నవి. కావ్యము చదువువానికి ఇవి లేక గడవదు. మన పట్టు రైతు విషయము వేరు. నిఘంటువు చంద్రిక యనగా వెన్నెల యని చెప్పును. శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములలో పురుగును పెంచు ఇంట చంద్రిక యనగా పట్టుపురుగు గూడు కట్టుకొనుటకు పెట్టు వెదురుతట్ట. ఈ రెండు అర్థములును తెలిసిన రచయిత ఒక్క మాటతో ఎంత చేయగలడో ఊహింపుడు! నిఘంటువు మాత్రమే చదివినవానికి ఒక్క అర్థమే తెలియును. పురుగును మేపి గూడు అమ్ముకొనువాడు పుస్తకము చదువనిచో అతనికిని ఒక్కటే తెలియును.

శాస్త్రీయముగా పల్లెమాటలను సేకరించు పని జరుగకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది. వ్యవసాయ పదముల సంపుటము 1962లో వచ్చినది. తెలుగున ఇది మహోపకారము. కాని ఆ సేకరణకు ఆధారము ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. అనంతపురమువరకు వచ్చిన పదకోశము బాగేపల్లిలో అడుగు పెట్టలేదు. ఇది సంపాదకుల తప్పు కాదు. రాష్ట్రమును బట్టి పని విభజింపబడినప్పుడు భాష రాష్ట్రమును మించియుండినచో మిగిలినది మిగిలిపోవును. ఆ మిగిలినదే మనము.

కోస్తా ప్రాంతపు నవలలు మాత్రమే చదివిన మన పిల్లవాడు ‘బొబ్బర్లు’ అని వ్రాయును. వాని యవ్వ ‘అలసందలు’ అనును. వాడు ‘వేరుశనగ’ వ్రాయును. ఆమె ‘చెనిక్కాయలు’ అనును. తన యింటి మాట తప్పేమో, కన్నడము కలిసిన సంకరమేమో యని వాడు సిగ్గుపడును. ఇచ్చటనే అంతర్జాల పఠనము వానికి నిజమైన మేలు చేయగలదు. టి. బరో, ఎం.బి. ఎమెనో యనువారల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడి, 1984లో రెండవ ముద్రణ పొందినది. షికాగో విశ్వవిద్యాలయమువారు దానిని, బ్రౌను నిఘంటువును అందరికి అందుబాటున నుంచిరి. కిట్టెలు కన్నడ నిఘంటువు 1894 నాటిది, అదియు దొరకును. మన యింట అనపగింజలను నానబెట్టి తోలు తీసి పితికిపప్పు చేయుదురు. ప్రక్కింటి కన్నడమువారు దానినే హితకిద బేళె యందురు. పితుకు, హితుకు ఒకే మాట. కన్నడమున సుమారు పదవ శతాబ్దము మొదలుకొని పదాదియందలి పకారము క్రమముగా హకారమైనది. మన పాలు వారి హాలు. మన పులి వారి హులి. మన పల్లె వారి హళ్ళి. బాగేపల్లి పేరున పకారము నిలిచినది. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి పేరున అది హకారమైనది. ఒకే జిల్లాలో రెండు ఊళ్ళ పేర్లు రెండు భాషల చరిత్రను చెప్పుచున్నవి. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు అవ్వ మాటకు ఇక సిగ్గుపడడు. ఆమె నోట వేయేండ్ల నాటి ధ్వని యున్నదని గ్రహించును.

నిఘంటువుల తరువాత మన ప్రాంతమునకు చెందిన గ్రంథము ఏదైనను ఆ రాశిలో నున్నదా యని చూతము. ఉన్నది. బి.ఎల్. రైసు కూర్చిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదవ సంపుటము 1905లో వెలువడెను. అది నాటి కోలారు జిల్లా శాసనముల సంపుటము. చిక్కబళ్ళాపుర జిల్లా 2007లో ఏర్పడినది గనుక మన తాలూకాల శాసనములును అందులో కలవు. తాలూకా వారీగా, గ్రామము వారీగా, కన్నడ శాసనములతోబాటు తెలుగు శాసనములును అందు చోటు చేసికొనినవి. కథకునకు శాసనమేల యని యడుగుదురేమో! చెరువునకు ఎవరు తూము కట్టించిరి, ఏ పొలమును ఏ గుడికి ఇచ్చిరి, ఎద్దులమందను కాపాడ బోయి ఎవడు చనిపోయెను అనునట్టి సంగతులు శాసనముల విషయము. తన యూరి పేరును నూరేండ్ల క్రిందటి అచ్చుపుటలో చూచినవాడు ఆ రాతిని వెదకికొని పోవును. అట్లు పోయినవాడు ఒక కథతో తిరిగి వచ్చుట కష్టము కాదు.

రెండవది కైవారము. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారాయణప్పగారు గాజుల వర్తకము చేసి, తరువాత యోగియై, తెలుగునను కన్నడమునను కీర్తనలు, కాలజ్ఞానము చెప్పిరి. ‘అమర నారేయణ’ యను ముద్రతో ఆయన పాటలు ఈ ప్రాంతమున భజనలలో నిలిచియున్నవి. మన ప్రాంతపు తెలుగునకు ఇంతకంటె గొప్ప సాక్ష్యము లేదు. అయితే ఆయన తెలుగు పదములు ఇచ్చట ప్రచారమున నున్నది కన్నడ లిపిలో. తెలుగు లిపిలో వెదకు పాఠకునకు అవి సులభముగా చిక్కవు. చిక్కినచో కన్నడ గ్రంథముల వరుసలో చిక్కును. తెలుగు సాహిత్యపు పట్టికలో మన కవి కనబడకుండుటకు ఒక కారణము లిపియే.

దీనికి యంత్రము ఒక సులభోపాయము చూపుచున్నది. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కంప్యూటరున అన్ని భాషల అక్షరములకును సంఖ్యలు కేటాయించు యూనికోడు పద్ధతిలో తెలుగు వరుస వెనువెంటనే కన్నడ వరుస వచ్చును. తెలుగు ‘క’కును కన్నడ ‘క’కును నడుమ సరిగా 128 స్థానములు. తక్కిన అక్షరములును ఆ వరుసనే యున్నవి. కావున కన్నడ లిపిలోని తెలుగు పాటను తెలుగు లిపిలోనికి, తెలుగు లిపిలోని కథను కన్నడ లిపిలోనికి మార్చుట యంత్రమునకు నిమేషము పని. ‘అక్షరముఖ’ మొదలైన సాధనములు ఈ పనిని ఉచితముగా చేసిపెట్టును. కన్నడ బడిలో చదివిన మన బిడ్డ తెలుగు అక్షరములు నేర్చుకొనువరకు ఆగనక్కరలేదు. తెలుగు కథను కన్నడ అక్షరములలో ఈ రాత్రియే చదువవచ్చును. అర్థము వాని చెవిలో ముందే యున్నది. ‘చాప’లోని చకారమును, ‘చేప’లోని చకారమును లిపి వేరుచేసి చూపదు, ఆ భేదమును తల్లి నోట విన్నవాడు తడుముకొనక సరిగా పలుకును. పరాయివాడు ఏండ్లు శ్రమించి నేర్చుకొను సూక్ష్మము మన బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినది.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. కన్నడ అక్షరములలో తెలుగు చదివినచో తెలుగు లిపి నశించునని కొందరు. కన్నడ నాట నుండి తెలుగు పట్టుకొని వ్రేలాడనేల యని మరికొందరు. మొదటివారికి సమాధానము: లిపి నేర్చుకొనుటకు కోరిక ముందు పుట్టవలెను, కథ రుచి చూచినవాడే అక్షరము నేర్చుకొనును. భాషయే పోయిన యింట లిపి నిలిచియు ప్రయోజనము లేదు. రెండవవారికి సమాధానము రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితము. అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన ఆయన మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దముల తరబడి తెలుగు బోధించెను. వేమనపై ఆయన చేసిన ఉపన్యాసములు తెలుగు విమర్శలో నేటికిని చదువదగినవి. ప్రాకృతమునుండి గాథాసప్తశతిని తెలుగు చేసెను. కన్నడమున సంగీత సాహిత్యములను గూర్చి వ్రాసి కన్నడిగుల గౌరవము నందెను. ఒక భాషపై ప్రేమ రెండవదానికి ద్రోహమని ఆయన తలపలేదు. రెండు భాషలు చెవిలో నున్నవానికి రెండు గ్రంథరాశులును తెరచియే యున్నవి. అది మన ప్రాంతపు రచయితకు లోపము కాదు, భాగ్యము.

ఇక కర్తవ్యము. వ్రాయ నుత్సాహము గల యువతీ యువకులకు నేను మూడు పనులు సూచింతును. మొదటిది, ప్రతివారమును ఒక పాత సంచికనో పాత గ్రంథమునో పట్టుకొని తుదివరకు చదువుడు. తెరమీద నాలుగు వాక్యములు చూచి జారిపోవుట చదువు కాదు. రెండవది, చదువునప్పుడు ఎదురైన మాటకు మీ యింట ఏమందురో పెద్దల నడిగి ఒక నోటుపుస్తకమున వ్రాయుడు: మాట, అర్థము, చెప్పినవారి యూరు, ఏ పనిలో వాడుదురు, కన్నడమున ఏమందురు. మూడవది, ఆ మాటలను మీ వద్దనే దాచుకొనక తెలుగు విక్షనరీలో చేర్చుడు; దానికి ఎవరైనను వ్రాయవచ్చును. కైవారపు కీర్తనలను తెలుగు లిపిలో నెక్కించుటకు కూడ అడ్డులేదు. రచయిత మరణించి 60 సంవత్సరములు గడచిన గ్రంథము మన దేశమున ఎల్లరి సొత్తు. ఇటీవలి సంపాదకులు వ్రాసిన పీఠికలు, వ్యాఖ్యలు మాత్రము వారివి. వాని జోలికి పోరాదు.

ఆలస్యము చేయుటకు వ్యవధి లేదు. పుస్తకము ఛాయాచిత్రమై నిలిచినది. అవ్వ మాట అట్లు నిలువదు. పుట చినిగినచో వేరొక ప్రతి ఎచ్చటనో దొరకవచ్చును. పితికిపప్పును, చంద్రికను, చెనిక్కాయలను తెలుగుగా పలుకు నోరు మూతబడినచో రెండవ ప్రతి లేదు. పెన్న మన నంది కొండల చెంత పుట్టి, తిక్కన నివసించిన నెల్లూరు మీదుగా పోయి కడలిని చేరును. ఇన్నాళ్ళు మన నీరు అటు పోయినది. తెరమీది గ్రంథాలయము పుణ్యమా యని అచ్చటి వాఙ్మయము మన యింటికి వచ్చుచున్నది. వచ్చినదానిని ఆదరముతో చదువుదము. మన మాటను కూడ ఆ గ్రంథాలయమున చేర్చుదము.